తక్‌పట్టీ ప్రోగ్రామ్ బిగుసుకుపోతోంది: మళ్లీ మొదటి నుంచి రాయాలా?

ప్రశ్న: నేను హనుమకొండలో ఉంటూ చిన్న వ్యాపారాలకు సాఫ్ట్‌వేర్ రాసి ఇస్తుంటాను. ఎనుమాముల మార్కెట్‌లోని ఒక అడ్తి దుకాణానికి తక్‌పట్టీలు (రైతుకిచ్చే అమ్మకపు చీటీలు), ఖాతాలు రాసే ప్రోగ్రామ్‌ను సీ షార్ప్ భాషలో, తెరలు తయారుచేసే విండోస్ ఫారమ్స్‌తో, డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8 మీద తయారుచేశాను. డేటా ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్‌లో ఉంటుంది. నా కంప్యూటర్‌లో అంతా బాగానే నడుస్తుంది. దుకాణంలో మాత్రం సరుకు ఎక్కువగా వచ్చిన రోజున 'సేవ్' నొక్కగానే తెర తెల్లబడి 'నాట్ రెస్పాండింగ్' అని వస్తోంది. ఒక్కోసారి ఒకే సరుకుకు రెండు తక్‌పట్టీలు పడుతున్నాయి. ఎలక్ట్రానిక్ కాంటాను కలిపినప్పటి నుంచి ఫారం మూసేటప్పుడు ప్రోగ్రామ్ బిగుసుకుపోతోంది. కొత్త లాప్‌టాప్‌లో అక్షరాలు మసకగా, తెలుగు పేర్ల కింది వత్తులు తెగిపోయి కనిపిస్తున్నాయి. సాయంత్రమయ్యేసరికి విండోను సృష్టించలేకపోయానన్న ఎర్రర్‌తో అంతా ఆగిపోతోంది. గుమాస్తాకు పాత డాస్ ప్రోగ్రామే నయమట. పత్తి సీజన్ దగ్గర పడుతోంది. దీన్నంతటినీ మైక్రోసాఫ్ట్ వారి మరో తెర పద్ధతి డబ్ల్యూపీఎఫ్‌లో గానీ వెబ్‌లో గానీ మళ్లీ మొదటి నుంచి రాయమంటారా?

సమాధానం: వద్దండి. మీరు చెప్పిన ఇబ్బందుల్లో ఏ ఒక్కటీ విండోస్ ఫారమ్స్ పాతబడినందువల్ల వచ్చినది కాదు. 2002లో డాట్‌నెట్ తొలి విడుదలతో పాటే వచ్చిన ఆ పద్ధతి నేటికీ నిలిచి ఉంది. మీరు వాడుతున్న 4.8 కూర్పు ఇప్పటి విండోస్‌లో భాగంగానే వస్తుంది. తెరను గీసే పని, మౌస్ నొక్కులను, కీబోర్డు తాకిళ్లను అందుకునే పని ఒకే థ్రెడ్ మీద, అంటే ప్రోగ్రామ్‌లో పనులు ఒకదాని వెంట ఒకటి సాగే ఒకే దారిలో, జరగాలన్న నియమమే మీ తెర బిగుసుకుపోవడానికి మూలం, ఆ నియమం 2006లో వచ్చిన డబ్ల్యూపీఎఫ్‌లోనూ అలాగే ఉంది. బ్రౌజర్‌లో పేజీని గీసే థ్రెడ్‌కూ దాదాపు అదే కట్టుబాటు వర్తిస్తుంది. అంటే ఇవే తప్పులు కొత్త ఇంట్లోకి కూడా మీ వెంటే వస్తాయి. పైగా కమీషన్, హమాలీ, కాంటా ఖర్చుల లెక్కలను ఆ దుకాణం తన వాడుక ప్రకారం మీ చేత సరిచేయించుకుని ఉంటుంది. సీజన్ ముందు ఆ లెక్కలన్నిటినీ తిరగరాస్తే, తెర కాస్త బిగుసుకోవడం కంటే చాలా పెద్ద ప్రమాదాన్ని మీరు దుకాణదారు నెత్తిన పెట్టినట్లవుతుంది. కాబట్టి ఉన్నదాన్ని బాగుచేద్దాం. ముందుగా బిగుసుకుపోవడం సంగతి చూద్దాం, ఎందుకంటే దానితో డబ్బు లెక్క కూడా ముడిపడి ఉంది.

విండోస్ ప్రతి క్లిక్‌నూ, ప్రతి కీ తాకిడినీ, తెరను మళ్లీ గీయమన్న ప్రతి ఆదేశాన్నీ ఒక సందేశంగా మార్చి మీ ప్రోగ్రామ్ వరుసలో వేస్తుంది. ప్రధాన థ్రెడ్ ఆ వరుస నుంచి ఒక్కొక్కటే తీసి అమలు చేస్తూ తిరుగుతుంటుంది. 'సేవ్' బటన్ కింద మీరు రాసిన కోడ్ కూడా ఆ చక్రంలో ఒక భాగంగానే నడుస్తుంది కనుక, అది డేటాబేస్ జవాబు కోసం ఎదురుచూస్తున్నంతసేపూ మరో సందేశాన్ని ముట్టుకునేవారు ఉండరు. అలా ఐదు సెకన్లు గడిస్తే విండోస్ మీ విండోను స్పందించనిదిగా లెక్కగట్టి, దాని స్థానంలో ఒక తెల్లబారిన నకలును చూపిస్తుంది. ప్రోగ్రామ్ చచ్చిపోలేదు, పనిలోనే ఉంది. కానీ ఎదుట రైతు నిలబడి ఉన్నప్పుడు ఆ సంగతి గుమాస్తాకు తెలిసే దారి లేదు. ఆయన మళ్లీ నొక్కుతారు. ఆ రెండో నొక్కు వరుసలో పడి ఉండి, మొదటి పని ముగిసిన వెంటనే అమలవుతుంది. మీ రెండు తక్‌పట్టీల రహస్యం ఇదే. మీ ఇంట్లో ఇది ఎందుకు కనిపించదంటే, మీ డేటాబేస్‌లో పరీక్ష కోసం వేసుకున్న కొద్ది వరుసలే ఉంటాయి, అదీ అదే కంప్యూటర్‌లో ఉంటుంది, దాన్ని అడిగేవారు మరొకరు ఉండరు.

చేయవలసినది ఇది. బటన్ కోడ్‌ను అసింక్ పద్ధతిగా, అంటే ఎదురుచూసే సమయంలో థ్రెడ్‌ను ఖాళీగా వదిలే పద్ధతిగా, మార్చండి. మొదటి వరుసలోనే బటన్‌ను పనిచేయకుండా ఆపండి. టెక్స్ట్‌బాక్సుల్లోని విలువలన్నిటినీ మామూలు చరరాశుల్లోకి తీసుకోండి. ఆ తర్వాతే డేటాబేస్ పనిని అవెయిట్‌తో పిలవండి. చివర ఫైనల్లీ భాగంలో బటన్‌ను తిరిగి తెరవండి. 2012లో సీ షార్ప్ 5తో వచ్చిన ఈ సౌకర్యం సరిగ్గా ఇలాంటి పని కోసమే ఉంది. మీరు వాడుతున్న ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు ఎగ్జిక్యూట్‌నాన్‌క్వెరీఅసింక్ వంటి పద్ధతులు నిజంగానే ఎదురుచూపును థ్రెడ్ నుంచి తప్పిస్తాయి. అయితే పేరు చివర 'అసింక్' అని ఉన్న ప్రతిదాన్నీ నమ్మవద్దు: మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఎస్‌క్యూలైట్ లైబ్రరీలో ఆ పద్ధతులు లోపల మామూలుగానే నడుస్తాయి, ఓఎల్ఈడీబీ ద్వారా యాక్సెస్ ఫైలును చదివినప్పుడూ అంతే. అలాంటి చోట పనిని టాస్క్.రన్‌లో పెట్టి వేరే థ్రెడ్ మీదికి పంపాలి, ఆ లోపలి నుంచి ఏ కంట్రోల్‌నూ (గడి, బటన్ వంటి తెర భాగాన్ని) తాకకూడదు.

ఇక్కడ మూడు గుంతలున్నాయి. మొదటిది, అవెయిట్ రాయడానికి బద్ధకించి చివర '.రిజల్ట్' అనో '.వెయిట్' అనో పెట్టడం. పని ముగిశాక మిగిలిన కోడ్ ప్రధాన థ్రెడ్ మీదికి తిరిగి రావాలని చూస్తుంది, ప్రధాన థ్రెడేమో ఆ పని ముగియడం కోసం కూర్చుని ఉంటుంది, ఇద్దరూ ఎప్పటికీ కదలరు. రెండవది, తెర కదలడం కోసం మధ్యమధ్యలో అప్లికేషన్.డూఈవెంట్స్ పిలవడం. పాత సలహాల్లో ఇది తరచుగా కనిపిస్తుంది, తెర కదులుతుంది కూడా; కానీ సగం సేవ్ జరిగిన సమయంలో గుమాస్తా అదే బటన్‌ను మళ్లీ నొక్కేందుకో, ఫారంనే మూసేసేందుకో అది తలుపు తెరిచి పెడుతుంది. డబ్బు లెక్కలున్న ప్రోగ్రామ్‌లో దాన్ని వాడటాన్ని నేను ఏ పరిస్థితిలోనూ సమర్థించను. మూడవది చిన్నదే గానీ కీబోర్డు మీద పనిచేసేవారిని బాగా విసిగిస్తుంది: ఫోకస్ (కీబోర్డు తాకిళ్లను అందుకునే వంతు) ఉన్న బటన్‌ను మీరు ఆపగానే ఫోకస్ తర్వాతి కంట్రోల్ మీదికి తనంతట తానే జారుకుంటుంది. అందువల్ల పని ముగిశాక కర్సర్ ఎక్కడ ఉండాలో, మామూలుగా కొత్త తక్‌పట్టీలో రైతు పేరు గడిలో, మీరే స్పష్టంగా పెట్టాలి.

బటన్‌ను ఆపడంతోనే తృప్తి పడకండి. ఫారం తెరుచుకున్నప్పుడే ప్రతి తక్‌పట్టీకి ఒక ప్రత్యేక గుర్తింపును, జీయూఐడీ అనే మళ్లీ రాని సంఖ్య రూపంలో, కేటాయించి, డేటాబేస్‌లో ఆ గుర్తింపు ఉండే నిలువు వరుసకు, ఒకే విలువ రెండుసార్లు పడనివ్వని యూనిక్ నియమం పెట్టండి. అప్పుడు ఏ కారణం చేతనైనా అదే పత్రం రెండోసారి వెళ్లినా డేటాబేస్ దాన్ని తిప్పికొడుతుంది. తక్‌పట్టీ, ఖాతా పద్దు, కమీషన్ పద్దు మూడూ ఒకే ట్రాన్సాక్షన్‌లో, అంటే పడితే అన్నీ పడి లేదంటే ఏదీ పడని ఒకే కట్టలో, ఉండాలి. తెర తెల్లబడిన కోపంలో ఎవరైనా టాస్క్ మేనేజర్‌లోకి వెళ్లి ప్రోగ్రామ్‌ను బలవంతంగా ఆపేసినా, సగం పద్దు నిలిచిపోకుండా అదే కాపాడుతుంది. రైతు కష్టార్జితం లెక్క కాబట్టి ఈ రెండు జాగ్రత్తలూ నేను తెరకు సంబంధించిన పనిలోనే చేర్చి చెబుతున్నాను.

ఎంతసేపటి పనికి ఏం చూపాలన్న విషయంలో వాడుక సౌలభ్య నిపుణుడు జాకబ్ నీల్సన్ 1993లో చెప్పిన కొలతలు ఇప్పటికీ చక్కగా పనికొస్తాయి: సెకనులో పదో వంతు లోపు జరిగినది వెంటనే జరిగినట్లే అనిపిస్తుంది, ఒక సెకను వరకు మనిషి ఆలోచన తెగదు, పది సెకన్లు దాటితే దృష్టి మరో పని మీదికి మళ్లుతుంది. సేవ్‌కు ఒక సెకను దాటే అవకాశం ఉంటే 'నమోదవుతోంది' అన్న మాట కనిపించనివ్వండి. సీజన్ మొత్తం ఖాతా నివేదిక వంటి పెద్ద పనికి ఎంత అయిందో చూపే పట్టీ, దానితోపాటు 'ఆపు' బటన్ ఉండాలి.

రైతు పేరు గడిలో ఒక్కో అక్షరం కొట్టగానే డేటాబేస్‌ను వెతికే ఏర్పాటు చేసి ఉంటే, అదీ చూసుకోండి. కీ తాకిడికీ వెతుకులాటకూ మధ్య ఒక టైమర్ పెట్టి, గుమాస్తా 300 మిల్లీసెకన్లు ఆగిన తర్వాతే అడగండి. ముందు అడిగిన ప్రశ్నకు జవాబు ఆలస్యంగా వచ్చి కొత్త జవాబు మీద కూర్చోకుండా ప్రతి ప్రశ్నకూ వరుస సంఖ్య ఇచ్చి, చివరి సంఖ్యకు వచ్చిన జవాబునే చూపండి. ఈ జాగ్రత్త లేకపోతే నర్సంపేట రైతు కోసం వెతికితే పర్వతగిరి రైతు పేరు తెర మీద నిలుస్తుంది, తొందరలో దానినే ఎంచుకుంటారు.

ఇక కాంటా. కాంటాతో మాట్లాడే సీరియల్‌పోర్ట్ భాగంలోని డేటారిసీవ్డ్ ఈవెంట్ ప్రధాన థ్రెడ్ మీద రాదు. వేరే థ్రెడ్ మీద వస్తుంది. అక్కడి నుంచి నేరుగా లేబుల్‌లో బరువు రాస్తే అది నియమభంగం. ఇందులో ఒక తిరకాసు ఉంది. ఇలా వేరే థ్రెడ్ నుంచి కంట్రోల్‌ను తాకారన్న ఎర్రర్, డిఫాల్ట్‌గా, డీబగ్గర్ (తప్పులు వెతికే సాధనం) తగిలించి ఉన్నప్పుడు మాత్రమే వస్తుంది. మీరు ప్రోగ్రామ్ రాసే విజువల్ స్టూడియోలో నడిపితే మీకు ఎర్రర్ కనిపిస్తుంది, దుకాణంలో నడిపితే ఎర్రర్ రాదు, కానీ తెర అప్పుడప్పుడూ పాత బరువు దగ్గరే నిలిచిపోవడమో, సగం గీసుకోవడమో జరుగుతుంది. ఆ తనిఖీనే ఆపేసే చెక్‌ఫర్‌ఇల్లీగల్‌క్రాస్‌థ్రెడ్‌కాల్స్ అనే అమరికను కొందరు పరిష్కారంగా చెబుతారు. అది తప్పును దాచడమే కనుక వాడకండి.

మీరు బహుశా ఇన్‌వోక్ వాడి ఆ ఎర్రర్‌ను తొలగించుకుని ఉంటారు, ఫారం మూసేటప్పుడు బిగుసుకుపోవడానికి కారణం సరిగ్గా అదే అయి ఉంటుంది. ఇన్‌వోక్ అంటే ప్రధాన థ్రెడ్ ఆ పని చేసేదాకా కాంటా థ్రెడ్ ఆగి ఉండటం. ఫారం మూసినప్పుడు ప్రధాన థ్రెడ్ పోర్టును మూయబోతుంది, పోర్టు మూసుకోవాలంటే నడుస్తున్న డేటారిసీవ్డ్ ముగియాలి, అది ముగియాలంటే ప్రధాన థ్రెడ్ ఖాళీ కావాలి. ఇన్‌వోక్ బదులు, ఆగకుండా సందేశం వేసి వెళ్లిపోయే బిగిన్‌ఇన్‌వోక్ పెడితే ఈ ముడి విడిపోతుంది. అయినా నేను మీకు దానికంటే మెరుగైన మార్గం సూచిస్తాను. చాలా కాంటాలు సెకనుకు ఎన్నోసార్లు బరువు పంపుతూనే ఉంటాయి. ప్రతిసారీ తెరను తట్టి లేపవలసిన అవసరం లేదు. కాంటా థ్రెడ్ తాజా బరువును లాక్ చేసిన ఒక చరరాశిలో రాసి ఊరుకోవాలి. ఫారం మీద 200 మిల్లీసెకన్ల టైమర్ ఒకటి పెట్టి, అది ఆ చరరాశిని చదివి లేబుల్‌లో చూపాలి. రెండు థ్రెడ్లూ ఒకదాని కోసం ఒకటి ఎదురుచూడవు, ఫారం హాయిగా మూసుకుంటుంది, అంకెలు కంటికి అదరకుండా కనిపిస్తాయి.

కాంటా పంపేది ఒక్క దెబ్బలో పూర్తి వాక్యంగా రాదన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. '4', తర్వాత '2.5' అని ముక్కలుగా రావచ్చు. ముగింపు గుర్తు వచ్చేదాకా ముక్కలను కూడబెట్టి, ఆ తర్వాతే సంఖ్యగా మార్చాలి. కాంటా ఊగుతున్నదో నిలిచిందో తెలిపే గుర్తును చాలా యంత్రాలు బరువుతో పాటే పంపుతాయి, మీ యంత్రం పుస్తకంలో ఆ గుర్తు ఏమిటో చూడండి. నిలకడ రాకముందు 'బరువు తీసుకో' బటన్ పనిచేయకూడదు. ఎరుపు, ఆకుపచ్చ రంగులతో మాత్రమే ఆ తేడా చూపితే కొందరికి తెలియదు, 'నిలిచింది' అన్న మాట కూడా పక్కన ఉండాలి. తూకం వేసే దడువాయికీ రైతుకూ మధ్య మాటామాటా రాకుండా ఉండటానికి ఇంతకంటే ఉపయోగపడే అలంకారం మీ తెర మీద మరొకటి ఉండదు.

మసక అక్షరాల విషయానికి వస్తే, మీ కంప్యూటర్‌లో తెర నూరు శాతం పరిమాణంలో, అంటే అంగుళానికి 96 చుక్కల లెక్కన ఉండి ఉంటుంది. కొత్త లాప్‌టాప్‌లో 125 శాతమో 150 శాతమో ఉంటుంది. తెర సాంద్రతను తాను పట్టించుకుంటానని మీ ప్రోగ్రామ్ ప్రకటించలేదు కాబట్టి, విండోస్ దాన్ని 96 లెక్కలోనే గీయించి, ఆ బొమ్మను సాగదీసి చూపిస్తోంది. సాగదీసిన ఏ బొమ్మైనా మసకబారుతుంది. మానిఫెస్ట్‌లో, అంటే ప్రోగ్రామ్ వివరాలను విండోస్‌కు చెప్పే ఫైలులో, ఆ ప్రకటన చేర్చితే మసక పోతుంది. రెండు మూడు మానిటర్ల మధ్య విండోను జరిపేవారి కోసం 2017 నాటి విండోస్ 10 కూర్పుతో పర్‌మానిటర్‌వీ2 అనే పద్ధతి వచ్చింది, డాట్‌నెట్ 4.7 నుంచి ఫారమ్స్‌లోనూ దాన్ని వాడుకోవచ్చు. కానీ ఒకే తెర ఉన్న అడ్తి దుకాణానికి సిస్టమ్ స్థాయి ప్రకటన చాలు. పర్‌మానిటర్ పద్ధతిలో ప్రతి ఫారాన్నీ, ప్రతి కస్టమ్ కంట్రోల్‌నూ విడిగా పరీక్షించుకోవలసి వస్తుంది, సీజన్ ముందు ఆ పని నెత్తిన వేసుకోవద్దు.

ప్రకటన చేర్చగానే మరో చిక్కు బయటపడుతుంది, దానికి సిద్ధంగా ఉండండి. అక్షరాలు పెద్దవవుతాయి, మీరు పిక్సెళ్లలో బిగించిన గడులు అక్కడే ఉండి ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. ఫారాలన్నిటిలో ఆటోస్కేల్‌మోడ్ విలువ ఫాంట్‌గా ఉందో లేదో చూడండి, డిజైన్ చేసేటప్పుడు విజువల్ స్టూడియోను ఎప్పుడూ నూరు శాతంలోనే తెరవండి. ప్రధాన ఫారాన్ని టేబుల్‌లేఅవుట్‌ప్యానెల్‌లోకి మార్చి, అడ్డవరుసలను ఆటోసైజ్‌గా, పేరు పడే నిలువు వరుసను శాతంగా పెడితే, లేబుళ్లు తమ చోటు తామే చూసుకుంటాయి. ఒక లెక్క కూడా వేసుకోండి: 1920 బై 1080 తెర 150 శాతంలో ఉంటే మీకు నిజంగా దక్కేది 1280 బై 720 అంత చోటు మాత్రమే, అందులోంచి టాస్క్‌బార్ కొంత తీసుకుంటుంది. 'సేవ్' బటన్ ఆ చోటులో పట్టాలి.

తెలుగు వత్తులు తెగడానికి కారణం మరొకటి. డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్‌లో ఫారానికి మొదట ఉండే ఫాంట్ మైక్రోసాఫ్ట్ సాన్స్ సెరిఫ్, 8.25 పాయింట్లు. అందులో తెలుగు అక్షరాలే లేవు. విండోస్ తెలుగును మరో ఫాంట్ నుంచి అరువు తెచ్చి చూపుతుంది, కానీ గడి ఎత్తు మాత్రం మొదటి ఫాంట్ కొలతతో నిర్ణయమై ఉంటుంది. ఇంగ్లిష్ అక్షరానికి సరిపోయే ఎత్తులో 'వర్ధన్నపేట' ఎలా పడుతుంది? పైన గుడి, తలకట్టు, కింద వత్తు, 'స్త్రీ' వంటి మాటలో వత్తు కింద మరో వత్తు, ఇవన్నీ చోటు అడుగుతాయి. కాబట్టి ఫారానికే విండోస్ 8 నుంచి వస్తున్న నిర్మలా యూఐ ఫాంట్‌ను 10 లేదా 11 పాయింట్లలో స్పష్టంగా పెట్టండి. ఒంటి వరుస టెక్స్ట్‌బాక్స్ తన ఎత్తును ఫాంట్‌ను బట్టే తీసుకుంటుంది కనుక అది వెంటనే సర్దుకుంటుంది. గ్రిడ్ వరుసల ఎత్తును మాత్రం మీరే పెంచాలి. ఊహించి పెట్టకుండా, టెక్స్ట్‌రెండరర్.మెజర్‌టెక్స్ట్‌కు 'స్త్రీ', 'లక్ష్మి' వంటి మాటలిచ్చి, వచ్చిన కొలతకు కాస్త కలిపి పెట్టండి. గ్రిడ్ గడులను మీరే గీస్తున్నట్లయితే గ్రాఫిక్స్.డ్రాస్ట్రింగ్ మానేసి టెక్స్ట్‌రెండరర్‌నే వాడండి, కొలిచేదీ గీసేదీ ఒకటే అయినప్పుడు కొలతలు తప్పవు.

పేర్ల పొడవు దగ్గర చాలామంది ప్రోగ్రామర్లు పట్టించుకోని సంగతి ఒకటుంది. 'లక్ష్మి' చదివేవారికి రెండక్షరాలు. కంప్యూటర్‌కు ఏడు సంకేతాలు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. టెక్స్ట్‌బాక్స్‌లోని మ్యాక్స్‌లెంగ్త్, డేటాబేస్‌లో తెలుగు వంటి లిపులను దాచే ఎన్‌వర్‌చార్ రకం కొలత రెండూ ఈ సంకేతాలనే లెక్కబెడతాయి. ఇంగ్లిష్ పేరుకు సరిపోతుందని 20 పెడితే ఇంటిపేరుతో కూడిన తెలుగు పేరు మధ్యలో ఆగిపోతుంది. 100 పెట్టండి, చోటుకు కొరత లేదు. గ్రిడ్‌లో పేరు పట్టనప్పుడు సబ్‌స్ట్రింగ్‌తో కోయవద్దు. అది 'క్ష్మి'ని మధ్యలో విరిచి రైతు పేరును ఎవరూ చదవలేని రూపంలోకి మారుస్తుంది. చివర చుక్కలు చూపే ఎండ్‌ఎలిప్సిస్ అమరికతో గీయించి, పూర్తి పేరును టూల్‌టిప్‌లో చూపండి. ఎక్కడైనా పేర్ల స్థానంలో ప్రశ్నార్థకాలు కనిపిస్తే ఆ నిలువు వరుస తెలుగును దాచలేని వర్‌చార్ రకంగా ఉన్నట్లు. ఎన్‌వర్‌చార్‌కు మార్చి, విలువలను పారామీటర్లుగా పంపండి.

గుమాస్తా మాటను మీరు చివర్లో, కొంత నిష్ఠూరంగా రాశారు. నాకు మాత్రం మీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైన వాక్యం అదే. డాస్ ప్రోగ్రామ్‌లో చేయి కీబోర్డు మీద నుంచి లేచే పని ఉండదు, గడుల వరుస ఎప్పుడూ మారదు, అందువల్ల చూపు కాగితం మీదే ఉంచి వేళ్లతో పని నడిపించవచ్చు. విండోస్ ఫారమ్స్‌లో అదంతా సాధ్యమే. టాబ్‌ఇండెక్స్ సంఖ్యలను ఆయన చేతిలోని కాగితం క్రమంలో ఇవ్వండి: రైతు పేరు, ఊరు, సరుకు, బస్తాలు, బరువు, ధర, ఖర్చులు. ఎంటర్ కొడితే తర్వాతి గడికి వెళ్లేలా ఫారంలోని ప్రాసెస్‌సీఎండీకీని ఓవర్‌రైడ్ చేయండి, అయితే ఫోకస్ బటన్ మీద ఉన్నప్పుడు ఎంటర్‌ను బటన్‌కే వదిలేయాలి. డేటాగ్రిడ్‌వ్యూ ఎంటర్‌కు కిందికి దిగుతుంది, గుమాస్తాకు పక్కకు వెళ్లడం కావాలి. అక్కడా అదే మార్గం. సేవ్‌కు ఒక ఫంక్షన్ కీ, ప్రింట్‌కు ఒకటి ఇచ్చి, వాటిని బటన్ల మీదే రాయండి. ఆయన అలవాటు పడిన పాత ప్రోగ్రామ్‌లో ఏ కీ ఏ పనికి ఉందో అడిగి అవే ఇవ్వండి. రైతు పేరు గడిలోకి వెళ్లగానే కీబోర్డు భాష తెలుగుకు, బరువు గడిలోకి రాగానే ఇంగ్లిష్‌కు ఇన్‌పుట్‌లాంగ్వేజ్ ద్వారా మీ ప్రోగ్రామే మార్చగలదు.

కీబోర్డుతో పాటు ఒక మౌస్ ప్రమాదాన్ని తప్పక మూసివేయాలి. ఫోకస్ కాంబోబాక్స్ మీద ఉండగా ఫారాన్ని కిందికి జరుపుదామని మౌస్ చక్రం తిప్పితే, ఫారం కదలదు, కాంబోబాక్స్‌లోని ఎంపిక మారిపోతుంది. పత్తి అని ఎంచినది చప్పుడు లేకుండా మిర్చి అవుతుంది. న్యూమరిక్‌అప్‌డౌన్‌లో ధర కూడా అలాగే మారుతుంది. జాబితా తెరిచి లేనప్పుడు వచ్చే మౌస్‌వీల్ ఈవెంట్‌ను హ్యాండిల్డ్ అని గుర్తుపెట్టి అడ్డుకోండి. ధర గడికి న్యూమరిక్‌అప్‌డౌన్ అసలు అక్కర్లేదు, మామూలు టెక్స్ట్‌బాక్స్ చాలు.

తప్పు విలువ పడినప్పుడు మెసేజ్‌బాక్స్ ఎత్తి చూపడం మానండి. ఎర్రర్‌ప్రొవైడర్‌తో ఆ గడి పక్కనే, 'బరువు సున్నా కంటే ఎక్కువ ఉండాలి' వంటి తెలుగు వాక్యంతో చెప్పండి. వాలిడేటింగ్‌లో క్యాన్సిల్ పెట్టి మనిషిని ఆ గడిలో బంధించవద్దు, పక్క గడి చూసుకుని వచ్చి దిద్దుకునే స్వేచ్ఛ ఉండాలి. ఫారం ఆటోవాలిడేట్ విలువను ఎనేబుల్‌అలౌఫోకస్‌చేంజ్‌గా మార్చి, పూర్తి తనిఖీని సేవ్ దగ్గర చేయండి. డబ్బుకు డబుల్ అనే సంఖ్యారకం వాడుతూ ఉంటే, పైసల లెక్కలో చిన్న తేడాలు రానివ్వని డెసిమల్‌కు మార్చండి. లక్షల కామాలు సరిగా పడాలంటే, తేదీలో నెల, రోజు తారుమారు కాకుండా ఉండాలంటే, లాప్‌టాప్ అమరికను నమ్ముకోకుండా భారతీయ కల్చర్ అమరికను (తేదీలు, సంఖ్యలు రాసే తీరును) ప్రోగ్రామ్ మొదట్లోనే మీరే నిర్ణయించండి. గ్రిడ్‌లో సీజన్ మొత్తాన్ని ఒకేసారి నింపుతున్నారేమో చూసుకోండి. గుమాస్తాకు కావలసింది ఆ రోజు తక్‌పట్టీలే. పెద్ద జాబితా తప్పనిసరైతే నిలువు వరుసల వెడల్పును అన్ని గడులూ కొలిచి సర్దే అమరికను తీసేయండి, నెమ్మదితనంలో పెద్ద భాగం అక్కడే పోతుంది.

మిగిలింది సాయంత్రపు ఎర్రర్. విండోస్ ఒక్కో ప్రోగ్రామ్‌కు మామూలుగా 10,000 యూజర్ ఆబ్జెక్టులు (విండోలు, మెనూల వంటివి), 10,000 జీడీఐ ఆబ్జెక్టులు (తెరను గీయడానికి వాడేవి) మాత్రమే ఇస్తుంది. ప్యానెల్‌లో కంట్రోల్స్.క్లియర్ పిలిస్తే కంట్రోళ్లు తెర మీద నుంచి పోతాయి గానీ డిస్పోజ్ కావు, అంటే అవి వాడుకున్నవి విండోస్‌కు తిరిగి అందవు. షోడైలాగ్‌తో తెరిచిన ఫారం మూసినా డిస్పోజ్ కాదు, దాన్ని యూజింగ్‌లో పెట్టాలి. గడి గీసే కోడ్‌లో ప్రతిసారీ కొత్త ఫాంట్‌నో బ్రష్‌నో సృష్టించి డిస్పోజ్ చేయకుండా వదిలేయవద్దు. ప్రతి తక్‌పట్టీకీ కొన్ని మిగిలిపోతూ ఉంటే, సరుకు తక్కువ ఉన్న రోజున గండం గడుస్తుంది, ఎక్కువ ఉన్న రోజున సాయంత్రానికి పరిమితి దాటుతుంది. టాస్క్ మేనేజర్‌లోని డీటెయిల్స్ పేజీలో ఆ రెండు నిలువు వరుసలనూ చేర్చుకుని, ఒకే ఫారాన్ని పదేపదే తెరిచి మూస్తూ చూడండి. ఏ ఫారం దగ్గర సంఖ్య పెరిగి తగ్గకుండా ఉంటుందో దోషం అక్కడే ఉంది.

పత్తి రాక మొదలయ్యేలోపు సేవ్, కాంటా, ఈ ఆబ్జెక్టుల లీకు, ఈ మూడింటినీ దిద్ది దుకాణంలో పెట్టండి. ఫాంటూ తెర పరిమాణమూ ఆ తర్వాతి వారం చేసినా ఎవరికీ నష్టం లేదు. కీబోర్డు మార్పులు మాత్రం గుమాస్తా పక్కన ఒక పూట కూర్చుని, ఆయన పని చేస్తుండగా చూసిన తర్వాతే మొదలుపెట్టండి. దుకాణంలో ఏం జరిగిందో ఫోన్‌లో విని ఊహించవలసిన అవసరం రాకుండా, పట్టుకోని ఎర్రర్లన్నిటినీ అప్లికేషన్.థ్రెడ్‌ఎక్సెప్షన్, యాప్‌డొమైన్‌లోని అన్‌హ్యాండిల్డ్‌ఎక్సెప్షన్ రెండింటి దగ్గరా పట్టి, సమయంతో సహా ఒక ఫైలులో రాయించండి. ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో రాయడానికి మామూలు యూజర్‌కు అనుమతి ఉండదు కాబట్టి ఆ ఫైలును ప్రోగ్రామ్‌డేటాలో మీ పేరుతో ఒక ఫోల్డర్ చేసి అక్కడ పెట్టండి.